గొర్రె సర్దిన కొట్టం

వాగు ఒడ్డున నక్కకు రెండు కొట్టాలుండేవి. మెరక మీది పొడి కొట్టంలో తాను కాపురముండి, పల్లంలో కారే కొట్టాన్ని గొర్రెకు అద్దెకిచ్చింది. అద్దె అంటే గొర్రె ఒంటి మీది ఉన్ని అంతా. వానలు మొదలవగానే గొర్రెపిల్లకు దగ్గు పట్టుకుంది. కప్పు బాగుచేయించమని గొర్రె అడిగినప్పుడల్లా నక్క రేపు మాపు అంటూ తిప్పింది.

ఈ సంగతి గోరింకకు తెలిసింది. నోరులేనివాళ్ల తరఫున ఏమీ పుచ్చుకోకుండా వాదించే పిట్ట అది. తగవులు తీర్చే ఎలుగుబంటి దగ్గరికి వెళ్లి, పసిది తడిలో నానుతోందని, కప్పయినా వేయించాలని, లేదా పొడి కొట్టమైనా ఇప్పించాలని గట్టిగా అడిగింది. పొద్దున్నే వచ్చి కళ్లారా చూసి తేలుస్తానంది ఎలుగు.

"ఉన్నది ఉన్నట్టు ఉంచు. ఏదీ సర్దకు" అని గోరింక గొర్రెకు మరీ మరీ చెప్పి వెళ్లింది.

సాయంత్రం నక్క వచ్చింది, వీపున ఎండుగడ్డి మోపుతో.

"పెద్దాయన నీ గడప తొక్కుతున్నాడు వదినా. ఈ బురదలో నిలబెడతావా? నా మీద కోపముంటే ఉండనీ, నీ పరువు చూసుకో."

ఆ మాట గొర్రెకు తగిలింది. వచ్చినవాళ్లను అలకని ఇంట్లోకి పిలిచిన వంశం కాదు దానిది. బురద మీద గడ్డి పరిచింది. కప్పు కంతల్లో గడ్డి కుక్కింది. గోడలు అలికి, గడప ముందు ముగ్గేసింది. పిల్లకు తేనె నాకించి పడుకోబెట్టింది. పాపం, ఆ కొట్టం అంత ముచ్చటగా ఎన్నడూ లేదు.

పొద్దున ఎండ కాసింది. ఎలుగు వచ్చి, ఇబ్బందేమైనా ఉందా అని అడిగింది.

"మీ దయవల్ల ఏమీ లేదండీ" అంది గొర్రె, అలవాటుకొద్దీ.

గడ్డి ఎత్తి చూడమని గోరింక మొత్తుకుంది. కొట్టంలో ఉన్నవాళ్లే ఇబ్బంది లేదంటుంటే నీ గొడవేమిటని ఎలుగు విసుక్కుని తగవు కొట్టేసింది. నక్క వినయంగా దాన్ని సాగనంపింది.

ఆ వారంలోనే ముసురు పట్టింది. కుక్కిన గడ్డి జారిపోయి నీళ్లు ధార కట్టాయి. పిల్ల దక్కలేదు.

పలకరించడానికి వచ్చిన గోరింకతో గొర్రె అంది: "పెద్దాయన కంటికి ఇల్లు బాగుండాలనుకున్నానమ్మా, అంతే."

 గోరింక సర్దొద్దని చెప్పింది గానీ, ఎందుకో కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ బాధ దాన్ని చాలాకాలం తొలిచింది.

ఆదుకోవడానికి వచ్చినవారి ముందు పరువుకోసం కష్టాన్ని దాచుకుంటే, ఆ కష్టం మనింట్లోనే ఉండిపోతుంది.