నడక క్రియ, స్పెయిన్ గుర్రం

రత్నగిరి రాజు విజయభూపాలుడికి ఏ సరదా అయినా నలభై రోజులే. ఆ ఏడు ఆయన కన్ను స్పెయిన్ భాష మీద పడింది. రేవుకొచ్చిన స్పెయిన్ ఓడ దొర ఒక తెల్లగుర్రాన్నీ, తమ వ్యాకరణ పుస్తకాన్నీ కానుకగా ఇచ్చి వెళ్లాడు. గుర్రం సాలకు వెళ్లింది. పుస్తకం మాత్రం సభకు వచ్చింది.

"ఈ భాషలో ఒక్క క్రియను అన్ని కాలాల్లో, అన్ని అర్థాల్లో తప్పు పోకుండా అప్పజెప్పినవాళ్లదే దుబాసీ పదవి. గడువు నలభై రోజులు" అన్నాడు రాజు.

దుబాసీ కొండసాని అక్కడే నిలబడి ఉంది. పరదేశుల మాట రాజుకూ, రాజు మాట పరదేశులకూ పదహారేళ్లుగా చేరవేస్తున్నది ఆమే. పదవితోపాటు ఇచ్చిన ఇంట్లోనే ఆమె, ఆమె చెల్లెళ్లు ఇద్దరూ ఉంటున్నారు. పదవి పోతే ఇల్లూ పోతుంది. ఈ సంగతి రాజుకు గుర్తు లేదు. గుర్తు చేసినా ఆయన వినే ధోరణిలో లేడు.

ఆస్థాన పండితుడు కేదారశాస్త్రి పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాడు. రేవులో మిగిలిపోయిన ముసలి పాదిరీ దగ్గర అక్షరాలు దిద్దుకుని, 'నడుచు' అనే క్రియను పట్టుకున్నాడు. నలభై రోజులు ఆయన వీధిలో ఎవరికీ నిద్ర లేదు.

నలభై ఒకటో నాడు సభ కిటకిటలాడింది. శాస్త్రి కళ్లు మూసుకుని, వేళ్ల కణుపులు లెక్కపెడుతూ ఎత్తుకున్నాడు.

"ఆందో, ఆందాస్, ఆంద, ఆందామోస్, ఆందాయిస్, ఆందాన్..."

నడుస్తున్నాను దగ్గర మొదలుపెట్టి, నడిచాను, నడుస్తాను, నడిస్తే బాగుండు, నడిచి ఉంటే బాగుండేది, నడువు, ఇలా ఒక్కటీ వదల్లేదు. భూతకాలం రాగానే ఒక కన్ను తెరిచాడు. "ఇక్కడ ఈ క్రియ వంకర తిరుగుతుంది ప్రభూ. మూఢులు పప్పులో కాలేసే చోటిది. నేను ఆందూవె అంటాను, చూడండి."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అందుకే అందరూ తలలూపారు.

రాజుకు ఉబలాటం ఆగలేదు. "వాళ్లు నడుస్తారు అనాలంటే ఏమంటారు శాస్త్రీ?"

శాస్త్రి మళ్లీ కళ్లు మూశాడు. మళ్లీ ఆందో దగ్గర ఎత్తుకుని, వర్తమానం దాటి, భూతకాలం దాటి, అంతా వల్లిస్తే గానీ ఆ మాట దగ్గరికి చేరలేదు. పెళ్లిలో మంత్రం మధ్యలో ఆపితే పురోహితుడు మొదటికి వెళ్లినట్టు వెళ్లాడు. కొండసాని ఇది చూసింది. చూసి మనసులో పెట్టుకుంది.

"ఏమ్మా కొండసానీ, నువ్వొకసారి చెప్పు" అన్నాడు శాస్త్రి.

"నాకు రాదు శాస్త్రిగారూ."

"పదహారేళ్ల నుంచి ఏం చేస్తున్నావు మరి?"

"మాట్లాడుతున్నాను."

"రేవులో చేపలమ్మేవాళ్లూ మాట్లాడతారు. దాన్ని భాష అనరు, కేక అంటారు."

సభ నవ్వింది. రాజు శాలువా తెప్పించి శాస్త్రికి కప్పాడు. పదవి దక్కినవాణ్ణి ఏనుగెక్కించి కోట చుట్టూ ఊరేగించడం రత్నగిరి మర్యాద. రాజు ఏనుగును తెమ్మనబోతుంటే కొండసాని చేతులు జోడించింది.

"ప్రభూ, ఏనుగు తెలుగుది. దాని మీద ఎవరైనా ఎక్కుతారు. స్పెయిన్ భాష గెలిచినవారికి స్పెయిన్ గుర్రమే అందం. శాస్త్రిగారు ఆ క్రియను అప్పజెబుతూ ఊరేగితే ఊరివాళ్లూ విని తరిస్తారు."

శాస్త్రి మీసం లేని మూతిని దువ్వుకున్నాడు. "ఈవిడకు ఇన్నాళ్లకు బుద్ధి వచ్చింది" అన్నాడు.

ఓడ దొర వెళ్తూ వెళ్తూ ఆ గుర్రానికి చెప్పాల్సిన రెండే రెండు మాటలు కొండసానికి నేర్పి వెళ్లాడు. ఆంద అంటే కదులుతుంది. అదే మాట మళ్లీ అంటే పరుగెత్తుతుంది. రెండో మాట సంగతి ఆమెను ఎవరూ అడగలేదు.

సభంతా బయట గుర్రపుసాల ముందుకు చేరింది, రాజు సింహాసనంతో సహా. నలుగురు కలిసి శాస్త్రిని గుర్రమెక్కించారు. ఆయన శాలువా సర్దుకుని గొంతెత్తాడు.

"ఆందో, ఆందాస్, ఆంద..."

గుర్రం కదిలింది. జనం చప్పట్లు కొట్టారు. శాస్త్రి ఆ ఉత్సాహంలో వర్తమానం ముగించి, భూతకాలం ముగించి, 'నడువు' అనే ఆజ్ఞలోకి దిగి మరో ఆంద అన్నాడు. గుర్రం దౌడు తీసింది.

"ఆగు" అన్నాడు తెలుగులో. "తిష్ఠ" అన్నాడు సంస్కృతంలో. గుర్రానికి రెండూ రావు. భాష మార్చాలని తోచింది గానీ, ఆయనకు స్పెయిన్ భాష ఎత్తుకోవడానికి ఉన్న చోటు ఒక్కటే. మళ్లీ ఆందోతో మొదలుపెట్టాడు. మూడో మాటకల్లా గుర్రం ఇంకా పుంజుకుంది.

మొదటి చుట్టులో శాలువా ఎగిరిపోయింది. రెండో చుట్టులో పిలక ముడి ఊడింది. మూడో చుట్టులో ఆయన గుర్రం మెడను కౌగిలించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, నడిచి ఉంటే బాగుండేది అన్న చోట ఉన్నాడు.

"ఎవరైనా ఆపండయ్యా" అన్నాడు రాజు. భటులు పక్కకు తప్పుకున్నారు. రాజు కొండసాని వైపు తిరిగాడు. "నీకు చేతనవుతుందా?"

"అవుతుంది ప్రభూ. కానీ పరదేశి గుర్రంతో మాట్లాడటం దుబాసీ పని. ఇప్పుడు దుబాసీ ఎవరు?"

రాజు ఆమెను చూశాడు. నాలుగో చుట్టు తిరిగివస్తున్న శాస్త్రిని చూశాడు. నవ్వాపుకోలేక సింహాసనం చేయి పట్టుకున్నాడు.

"నువ్వే. ఉన్నన్నాళ్లూ నువ్వే."

"ఇల్లు కూడానా?"

"ఇల్లు కూడానమ్మా, ముందు ఆ మాటేదో అను."

కొండసాని దారికి అడ్డంగా వెళ్లి నిలబడి, కేకైనా వేయకుండా అంది.

"సో."

గుర్రం నిలిచిపోయింది. శాస్త్రి నిలవలేదు. సాల ముందు పోసిన ఉలవల రాశిలోకి తలకిందులుగా వెళ్లాడు.

సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. రాజు కళ్లు తుడుచుకుంటూ, భటుడు ఏరుకొచ్చిన శాలువాను దులిపించి కొండసానికి కప్పాడు. ముక్కులో ఉలవ గింజతో లేచిన శాస్త్రి అడిగాడు.

"ఆ మాట... ఆ మాట ఏ కాలంలోది?"

కొండసాని శాలువా అంచు సర్దుకుంది.

"మీరు కిందపడకముందు కాలంలోది, శాస్త్రిగారూ."