ఇంకొక్క రోజు ఆగిన నిమ్మచెట్టు

అనగనగా మన ఊరు కాదు, పక్కూరూ కాదు, ఓడెక్కి పోతే వచ్చే ఇటలీ దేశంలో ఒక ఊళ్ళో ఒక దొరగారి తోట. ఆ తోటలో ఏదీ దాని ఇష్టానికి పెరగడానికి లేదు. పొదల్ని గోడల్లా కత్తిరిస్తారు, చెట్లని బంతుల్లా కత్తిరిస్తారు. మన బుజ్జిగాడు అక్కడికెళ్తే వాడి జుట్టునీ వదలరు. నవ్వకురా, నిజం.

ఆ తోటని చూసుకునేది అగాత అనే ముసలమ్మ, ఆవిడ కోడలు నెరీనా. అగాత కాపరానికొచ్చిన ఏడాది కుండీలో పెట్టిన నిమ్మచెట్టు ఒకటుంది. ఆ దేశంలో మంచు పడితే నిమ్మచెట్టు బతకదు. అందుకని చలి ముదరకముందే కుండీల్ని బండెక్కించి, నిమ్మచెట్ల కోసమే కట్టిన ఇంట్లోకి చేరుస్తారు. అవును, చెట్లకి ఇల్లు. ఊ కొడుతున్నారా?

ఆ ఏడు అగాత మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయింది. కొండల మీంచి చలిగాలి తిరిగిన రోజునే కుండీలు లోపల పెట్టించమని చెప్పి, ఆ ఇంటి తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది. పెళ్ళయిన పదేళ్ళకి చేతికొచ్చిన తాళంచెవి. నెరీనా దాన్ని నడుముకి కట్టుకుని, పనున్నా లేకపోయినా అందరికీ కనబడేలా తిరిగింది.

అప్పుడే దొరగారు తోట బొమ్మ వేయమని ఒకాయన్ని పిలిపించారు. ఆయనది నత్తనడక. గోడ అయింది, గోడ పక్కన మెట్లు అయ్యాయి, మెట్ల పక్కన నీళ్ళు అయ్యాయి, నీళ్ళ పక్కన పొద అయింది, పొద పక్కన నిమ్మచెట్టు దగ్గరికొచ్చేసరికి కొండగాలి తిరిగింది. నెరీనా బండి తెప్పించింది. మిగతా కుండీలన్నీ లోపలికెళ్ళాయి. ఈ ఒక్కటీ ఎత్తించబోతుంటే బొమ్మలాయన, "ఇంకొక్క రోజు ఆగమ్మాయ్. కాయొకటి కోసి పట్టుకుని చెట్టు పక్కన నిలబడు, నిన్నూ వేస్తాను" అన్నాడు.

మీరైతే ఏం చేస్తారు? పౌడరు రాసుకొస్తారు. నెరీనా కూడా జడ విప్పి మళ్ళీ వేసుకుంది. నిలబడింది, నవ్వింది. బండి ఖాళీగా వెళ్ళిపోయింది. సాయంత్రానికి బొమ్మ పూర్తయింది.

తెల్లారి చూస్తే ఆకులన్నీ నల్లబడి వేలాడుతున్నాయి. కాయలు గాజుగోళీల్లా బిగిసిపోయాయి. కాండం దాకా మంచు కొట్టేసింది.

నెరీనా ఏడుస్తూ వెళ్ళి అత్తగారికి చెప్పింది. అగాత తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నెరీనాకి ఎన్నేళ్ళయినా అనిపిస్తూనే ఉంది. ఆ బొమ్మ తెప్పించుకుని చాలాసేపు చూసింది అగాత.

"ఆకులు బాగా వేశాడు. నీ మొహమూ బాగానే వచ్చింది. మరి ఆ చేతిలో ఉన్న కాయ ఇప్పుడేదీ?"

అది వంటింట్లో ఉంది, ఇంకా వాడలేదు. పరుగున వెళ్ళి రెండు చెక్కలు చేస్తే అయిదు గింజలు. అదే కుండీలో పెడితే ఒక్కటి మొలిచింది. ఆ రెండాకులూ అగాత చూసింది. కాయ కాయడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అది చూడటానికి ఆవిడ లేదు.

బొమ్మకి మాత్రం ఏమీ కాలేదు. ఎక్కడెక్కడి దొరలూ వచ్చి చూసి, వాళ్ళ ఊళ్ళల్లో అలాంటి తోటలే వేయించుకున్నారు. అవే మెట్లు, అవే నీళ్ళు, అదే మూల నిమ్మకుండీ. అందరూ బొమ్మలో నెరీనా నవ్వుని మెచ్చుకునేవాళ్ళు. ఆవిడ మాత్రం బొమ్మలో ఆ మూలకి చూసేదే కాదు.

కొత్త చెట్టు విరగకాసింది. ఇంటిల్లిపాదీ తిన్నారు, పంచారు, చల్లగా ఉన్నారు. ముసలైపోయాక కూడా నెరీనా చలికి నెల ముందే కుండీలు లోపల పెట్టించేది. "అత్తయ్యా, చెట్లకి చెమటలు పడుతున్నాయి" అని కోడళ్ళు ఏడిపించేవాళ్ళు. "పట్టనీ" అనేది.

అందుకని, ఎవరైనా మీ బొమ్మ వేస్తానంటే నిక్షేపంగా వేయించుకోండి. ముందు కుండీ లోపల పెట్టి రండి. కథ కంచికెళ్ళింది, నిమ్మచెట్టు ఇంట్లోకెళ్ళింది, మీరు దుప్పట్లోకెళ్ళండి.