చుక్క పొడిచాక పిక్నిక్

అనగనగనగా సముద్రం పక్కన ఒక ఊరుండేది. కాకినాడ అనుకో. ఊఁ కొట్టకపోతే ఇక్కడితో ఆపేస్తాను, చూసుకో.

ఆ ఊళ్ళో ఒక హోటలు. అందులో దిల్‌మాయ అనే అమ్మాయి మోమోలు చేసేది. మన కజ్జికాయల్లాగే మడతలు పెట్టి, నూనెలో వెయ్యకుండా ఆవిరి మీద ఉడికిస్తారులే. ఆమెది నేపాల్. ఆమెతోపాటు వాళ్ళ కొండల నుంచే వచ్చిన లాక్పా గిన్నెలు తోమేవాడు, పూర్ణిమ కూరలు తరిగేది. ముగ్గురి వయసూ కలిపినా నా వయసుకి రాదు.

ఆ ఏడు వానలకి వాళ్ళ ఊరి కొండ జారింది. ఇళ్ళు మట్టిలో కలిసిపోయాయి. మనుషులు మిగిలారు, అదే పదివేలు. దిల్‌మాయ హజురామా, అంటే వాళ్ళ అమ్మమ్మ, ఊరందరితో పాటు టార్పాలిన్ కింద పడుకుంటోంది. చలికాలం దగ్గర పడుతోంది. అక్కడిది మనం స్వెట్టరు వేసుకుని మురిసిపోయే చలి కాదు. ముసలివాళ్ళని తీసుకుపోయే చలి. దిల్‌మాయకి ఆ భయంతో ముద్ద దిగేది కాదు.

అప్పుడు పూర్ణిమ అంది, "పిక్నిక్ పెడదాం. వచ్చినవాళ్ళు తలో రగ్గు తెస్తారు. మనం కడుపునిండా భోజనం పెడదాం."

వాళ్ళ వైపు పిక్నిక్ అంటే పదిమంది చేరి, మేకని కోసి, చెట్ల కింద పొయ్యి పెట్టి వండుకోవడం. మేక లేకపోతే అది ఉత్త షికారు కింద లెక్క.

రోజు కూడా కుదిరింది. ఆ నెల్లో సోమవారాలు హోటలు మూసేసేవారు. ఎందుకు మూస్తున్నారని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. సెలవిస్తే కారణం అడిగే పనివాళ్ళు ఎక్కడైనా ఉంటారా చెప్పు?

ఆ తర్వాత వీధివీధీ తిరిగి పిలిచారు. కార్తీకంలో చెట్ల కింద భోజనం అంటే ఎవరికి చేదు? మన వనభోజనమే కదా అనుకుని, అందరూ సరేనన్నారు.

సోమవారం వచ్చింది. సముద్రపొడ్డున సరుగుడు తోటలో చాప పరిచారు, రగ్గులు పెట్టడానికి. పక్కనే మేకని కట్టారు. లాక్పా కత్తి నూరుతున్నాడు.

మొదట నూకరత్నం గారి కుటుంబం వచ్చింది, చంకలో రగ్గుతో. ఆవిడ మేకని చూసింది, కత్తిని చూసింది. "అయ్యో, గ్యాస్ కట్టేశానో లేదో!" అని వెనక్కి తిరిగింది. రగ్గూ ఆవిడతోనే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆటోస్టాండు వాళ్ళు వచ్చారు. మేకని చూశారు. "బేరం ఉందండి, మర్చేపోయాం," అన్నారు. ఆటోలు తిరిగిపోయాయి, రగ్గులతో సహా.

చాప ఖాళీగానే ఉంది. దిల్‌మాయకి కళ్ళు చెమ్మగిల్లాయి. తమని చూసే తప్పుకుంటున్నారనుకుంది. పరాయి ఊళ్ళో ఉన్నవాళ్ళకి ముందు ఆ అనుమానమే వస్తుంది.

మూడో విడతలో సుభాషిణి టీచరు వచ్చింది. ఆవిడకి సాకులు చెప్పడం చేతకాదు. "ఇదేం పనే పిల్లా! కార్తీక సోమవారం పూటా మేకని కోస్తారా? సగంమందిమి చుక్క కనబడేదాకా ఉత్త మంచినీళ్ళతోనే ఉంటాం. తినేవాళ్ళు కూడా ఇవాళ నీచు ముట్టరు. మీ హోటలెందుకు మూశారనుకున్నావ్?"

దిల్‌మాయ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "మా అమ్మ కూడా శివుడికి సోమవారాలుంటుంది మేడమ్! కానీ మాకది శ్రావణంలో."

"శివుడొక్కడే, నెలలే వేరు," అంది టీచరు. "నేనైతే ఇక్కడే కూచుంటాను. మిగతావాళ్ళ సంగతి నువ్వే చూసుకోవాలి."

అప్పుడు దిల్‌మాయ లేచింది. లాక్పా మేకని విప్పి హోటలు పెరట్లో కట్టేసి వచ్చాడు. పూర్ణిమ బియ్యం నానబోసింది. దిల్‌మాయ చెప్పులు కూడా వేసుకోకుండా వీధుల్లోకి పరిగెత్తింది.

"ఆంటీ, తప్పయిపోయింది. మేక లేదు. ఉల్లిపాయ కూడా లేదు. చుక్క పొడిచాకే భోజనం. రండి ఆంటీ," అని గుమ్మం గుమ్మానికీ చెప్పింది.

నూకరత్నం గారు సిగ్గుపడింది. "గ్యాస్ కట్టేసే ఉందిలే," అంది. "వస్తాం పద."

సాయంత్రానికి తోట నిండింది. పూర్ణిమ బియ్యప్పిండిలో అరటిపండు, పంచదార, నెయ్యి కలిపి, గాజుల్లా గుండ్రంగా రొట్టెలు వేయిస్తోంది. సేల్ రోటీ అంటారు వాటిని. వాసన సముద్రం దాకా పోయింది. అందరి కళ్ళూ ఆకాశం మీదే.

చుక్కేమో రాదే! సముద్రం మీద నుంచి మబ్బు కమ్మేసింది. పిల్లలు అలిగారు. ఆటోవాళ్ళు ఆవలించారు. దిల్‌మాయ కూడా పొద్దున్నించీ ఏమీ తినలేదు. అందరూ మళ్ళీ లేచి వెళ్ళిపోతారేమోనని ఒక్కొక్కరి వంకే చూస్తోంది. కానీ ఒక్కరూ కదల్లేదు. ఉపవాసం లేనివాళ్ళు కూడా ఉన్నవాళ్ళకోసం కూచున్నారు.

ఆఖరికి మబ్బు కాస్త విడింది. "అదుగో!" అన్నాడు ఒక ఆటో అబ్బాయి.

ఇక చూడు సందడి! రొట్టెలు, బంగాళదుంప కూర, టమాటా పచ్చడి. ఒకళ్ళు వడ్డించడం, ఇంకొకళ్ళు ఇంకో రెండు వెయ్యమనడం. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరే చాప మీద రగ్గు పెట్టి వెళ్ళారు. చాప కనబడకుండా పోయింది.

మరి మేక? ఆ సోమవారం బతికింది. మంగళవారం సంగతి నన్నడక్కు.

ఆ తర్వాత రగ్గులు లారీ ఎక్కాయి, రైలెక్కాయి, చివరికి మనుషుల వీపుల మీద కొండెక్కాయి. ఒకనాడు హజురామా ఫోను చేసింది. బయట మంచు పడుతోందిట. రగ్గు ఒళ్ళోనే ఉందిట, మడత కూడా విప్పలేదుట.

"కప్పుకోవేం హజురామా?" అని ఏడుపుగొంతుతో అడిగింది దిల్‌మాయ.

"ముందిది చెప్పు, ఎవరిచ్చారు?"

"ఆ రోజు పొద్దున్నించీ పస్తున్నవాళ్ళు."

"వాళ్ళకి అన్నం పెట్టావా?"

"చుక్క పొడిచాక పెట్టాను. కడుపునిండా తిన్నారు."

 అవతల మడత విప్పిన చప్పుడు వినిపించింది.

"అయితే సరే," అంది ముసలామె. "ఇప్పుడు కప్పుకుంటాను."

కొండకి రగ్గు చేరింది,
కడుపుకి రొట్టె చేరింది,
కథేమో కంచికి నడిచింది,
కునుకేమో కంటికి వచ్చింది.
కథ కంచిలో, మనం పక్కలో!