రెండంగుళాల దగ్గర ఆగిన సొరుగు

అనంతాచార్యులు గారిని ఏదైనా అడగాలంటే ముందు చొక్కా చేతులు మడుచుకుని వెళ్లాలని ఆయన శిష్యులు చెప్పుకుంటారు. శాస్త్రంలో సందేహమైనా, ఇంట్లో గొడవైనా, అడిగినవాడి చేత ఏదో ఒక పని చేయిస్తారే తప్ప ఆయన తిన్నగా సమాధానం చెప్పిన పాపాన పోలేదు. డెబ్బై దాటిన మనిషి. విశాఖపట్నంలో, సీతమ్మధారలో, మూడో అంతస్తు ఫ్లాట్లో భార్య చూడమ్మ గారితో ఉంటారు.

ఒక శనివారం మధ్యాహ్నం కోదండపాణి ఆయన దగ్గరికి వచ్చాడు. కరెంటు ఆఫీసులో ఇంజనీరు, భార్య పోయి నాలుగేళ్లయింది. ఒక్కగానొక్క కూతురు వకుళ తిరుపతిలో పశువైద్యం చదువుతోంది. ఆ పిల్ల మీద అతనికున్న ప్రేమకు హద్దూ పద్దూ లేదు. పొద్దున్నే టిఫిను తిన్నావా అని ఒక ఫోను, మధ్యాహ్నం అన్నం తిన్నావా అని ఇంకోటి, సాయంత్రం రెండు. హాస్టలు పిల్లలు నవ్వుతున్నారని ఆ పిల్ల ఒకసారి చెప్పి చూసింది. తరవాత ఫోను ఎత్తడమే మానేసింది. ఇరవై రోజులుగా 'బాగున్నాను' అన్న ఒక్క ముక్క మెసేజి తప్ప మరో మాట లేదు.

"రేపు పొద్దున్న రైలు దిగుతుంది స్వామీ. నాలుగు రోజులుంటుంది. నేనూ నాలుగు రోజులు సెలవు పెట్టాను. కాజాలు తెప్పించాను, సినిమాకి టిక్కెట్లు తీశాను, సింహాచలం, భీమిలి అన్నీ రాసిపెట్టుకున్నాను. అయినా నోరు విప్పకుండానే వెళ్లిపోతే? ఇంకేం చేస్తే దాని మనసు కరుగుతుంది?" అని అడిగాడు. వాళ్లమ్మ పోయాక అతనికి మిగిలింది ఆ పిల్లే.

ఆచార్యులు గారు కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నారు. "ముందు మా వంటింటి సొరుగు సంగతి చూడు నాయనా. మూడు నెలలుగా మీ అమ్మగారు దాన్ని నడుంతో గుద్ది మూస్తోంది."

మనసు గోడు చెప్పుకుంటే ఈయన సొరుగు చూపిస్తారేమిటని కోదండపాణికి చిర్రెత్తుకొచ్చింది. అయినా లేచాడు.

అది ఒక్క తోపు తోస్తే చాలు, చివర్లో నెమ్మదించి, చప్పుడు చెయ్యకుండా దానంతటదే మూసుకునే కొత్తరకం సొరుగు. ఇప్పుడు ఇంకా రెండంగుళాలుందనగా మొరాయించి ఆగిపోతోంది. "నేనేం తక్కువ చేశానయ్యా దానికి? వారం వారం నూనె పెడుతూనే ఉన్నాను" అంది చూడమ్మ గారు. దీపపు కుందిలో మిగిలిన నూనె సింకులో పారబొయ్యకూడదని, తలుపు బందులకీ గడియలకీ రాయడం ఆవిడ అత్తగారి నాటి ఆనవాయితీ. కొత్త సొరుగులొచ్చాక వాటికీ వాటా దక్కింది. ముగ్గుకి వాడే బియ్యప్పిండి డబ్బా ఉండేది కూడా ఆ సొరుగులోనే. నువ్వులనూనెలో బియ్యప్పిండి రాలితే ఏమవుతుందో పిండివంటలు చేసిన చేతికి ఎవరూ చెప్పక్కర్లేదు.

కోదండపాణి కింది క్లిప్పులు రెండూ నొక్కి సొరుగు బయటికి లాగాడు. అటూ ఇటూ ఉన్న ఇనుప పట్టాల మీద ముద్ద గట్టిగా పేరుకుపోయి ఉంది.

"దీనికి నూనె అక్కర్లేదండి అమ్మగారూ. పట్టాలు పొడిగా ఉంటేనే నడుస్తుంది."

"అయ్యో! ఎంత పెడితే అంత మంచిదనుకున్నానే" అని ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది.

ఆవిణ్ణి చూస్తే అతనికి జాలేసింది. "పోనీలెండి, మీరు ప్రేమగానే పెట్టారు కదా" అన్నాడు. అంటూనే ఆ మాట తన చెవిన పడి, మొహం వేడెక్కి, తల వంచుకుని పనిలో పడ్డాడు.

సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచాడు, అగ్గిపుల్లతో మూలలు గీకాడు, పొడిగుడ్డతో మళ్లీ తుడిచాడు. సొరుగును చివర్లో లోపలికి లాక్కునే చిన్న కొక్కెం గుద్దులు తిని తిని చోటు తప్పింది. దాన్ని స్క్రూడ్రైవరుతో ముందుకు లాగి, టక్కుమనేదాకా కూర్చోబెట్టాడు. చెమటలు కారాయి. ఆచార్యులు గారు వేలు కూడా కదపకుండా, స్టూలు మీద కూర్చుని, కొడుకును చూసుకున్నంత మురిపెంగా చూస్తున్నారు.

సొరుగు ఎక్కించి కోదండపాణి నెమ్మదిగా ఒక్క తోపు తోశాడు. జారుతూ వెళ్లింది. సరిగ్గా ఆ రెండంగుళాల దగ్గరికి వచ్చేసరికి మందగించింది. మళ్లీ ఆగిపోతోందేమో అనుకున్నాడు. అరచెయ్యి దానంతటదే తొయ్యడానికి ముందుకు లేచింది.

ఆచార్యులు గారు స్టూలు మీంచి వంగి ఆ మణికట్టు పట్టుకున్నారు.

"వస్తోందిగా నాయనా, రానీ."