గోరింటాకు మీద పెట్టిన నెపం

హేమచంద్రకి ఆ రోజు మొదటిసారి ఒక కేసు మొత్తం చేతికిచ్చారు. మత్తు డాక్టరు చదువులో మూడో ఏడు. ఏ పాఠం అడిగినా పేజీతో సహా చెప్పేస్తాడు. చెప్పగలడన్న సంగతి ఎదుటివాళ్లకి తెలియకపోతే మాత్రం తోచదు, అదీ చిక్కు.

అతనికి పని నేర్పుతున్నది డాక్టర్ జహీరా మేడం. ఆ ఆసుపత్రిలో మత్తు విభాగానికి పెద్ద. మాట తక్కువ మనిషి.

"నేను పక్క థియేటర్లో ఉంటాను. అనుమానం వస్తే పిలువు," అని వెళ్లిపోయారు.

అనుమానమా! హేమచంద్రకా!

బల్ల మీద లక్ష్మీకాంతమ్మ అని ఒకావిడ. పిత్తాశయంలో రాళ్లు. ఆవిడ చెయ్యి పట్టుకుని చూడగానే హేమచంద్ర మొహం చిట్లించాడు. పది వేళ్లూ గోళ్లతో సహా ఎర్రగా పండి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది? ఆపరేషన్ పెట్టుకుని గోరింటాకేంటి? గోళ్లరంగయితే తుడిచేస్తాం. దీన్నేం చెయ్యమంటారు?"

"ఆషాఢం కదా బాబూ. మా కోడలు ముచ్చటపడి పెట్టింది," అని ఆవిడ చేతులు దుప్పటి కిందికి లాక్కుంది.

"ముచ్చట మీది, తిప్పలు మావి," అన్నాడు. అక్కడున్న నర్సులు నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు పాపం.

వేలికి తగిలించే క్లిప్పు ఒకటి ఉంటుంది. సూది గుచ్చదు, చుక్క నెత్తురు తియ్యదు. వేలి లోపలికి వెలుతురు పంపి, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో పక్కనున్న మానిటర్లో అంకె చూపిస్తుంది. హేమచంద్ర అది తగిలించాడు. తొంభై తొమ్మిది. మత్తిచ్చాడు, ఒళ్లు కదలకుండా, సొంతంగా ఊపిరి కూడా తీసుకోకుండా మందిచ్చాడు, గొంతులోకి ట్యూబు వేసి ఊపిరి ఆడించే మెషిన్‌కి కలిపాడు. అంతా చక్కగా జరిగింది. తనని తనే మెచ్చుకున్నాడు.

సర్జన్ రామ్మోహన్ గారు పొట్టలోకి గ్యాస్ నింపి, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి పని మొదలెట్టారు. కాసేపటికి అంకె తొంభై నాలుగయింది. ఆ తర్వాత తొంభై రెండు. అలారం మోగింది.

"ఏమయ్యా, అంతా బాగానే ఉందా?" అన్నారు సర్జన్ తలెత్తకుండా.

"ఏం లేదు సార్, గోరింటాకు. రీడింగు సరిగ్గా పట్టదు," అని అలారం నోరు నొక్కేశాడు.

క్లిప్పు ఇంకో వేలికి మార్చాడు. అక్కడా అంతే. ఎందుకుండదూ, అదీ ఎర్ర వేలే కదా, అని సరిపెట్టుకున్నాడు. అలారం మళ్లీ మోగింది. మళ్లీ నొక్కాడు.

"మేడంని పిలవమంటారా సార్?" అంది నర్సు.

"గోరింటాకు చూడ్డానికా?" అన్నాడు.

ఎనభై ఎనిమిది.

సర్జన్ చేతులు ఆగిపోయాయి. "హేమచంద్రా, నాకిక్కడ నెత్తురు నల్లగా కనిపిస్తోందేంటయ్యా?"

అప్పుడు దిగింది మదం. "మేడంని పిలవండి, తొందరగా!" అని అరిచాడు. ఆ గొంతు తనదేనా అనిపించింది అతనికే.

జహీరా మేడం వచ్చారు. ఎవర్నీ ఏమీ అడగలేదు. లక్ష్మీకాంతమ్మ పెదవి రంగు చూశారు. స్టెతస్కోపు కుడి రొమ్ము మీద పెట్టి విన్నారు, ఎడమ వైపు పెట్టి విన్నారు. తర్వాత దాన్ని హేమచంద్ర చెవులకి తగిలించారు. ఎడమ వైపు చప్పుడే లేదు. పొట్టలో గ్యాస్ నిండేసరికి ఊపిరితిత్తులు పైకి జరిగాయి. ట్యూబు కొస కుడి ఊపిరితిత్తిలోకి దిగిపోయింది. ఇంతసేపూ ఆవిడకి ఆడుతున్నది ఒక పక్క ఊపిరే.

మేడం మూతి దగ్గర అంటించిన ప్లాస్టరు విప్పి, ట్యూబుని కాస్త వెనక్కి లాగి, నిదానంగా ఊపిరి నింపారు. అంకె లేచింది. తొంభై, తొంభై అయిదు, తొంభై తొమ్మిది. క్లిప్పున్నది ఆ ఎర్ర వేలికే.

సర్జన్ మళ్లీ తన పనిలో పడ్డారు. తిట్టినా బావుండేదనుకున్నాడు హేమచంద్ర. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. ఆపరేషన్ అయ్యేదాకా మాస్కు వెనకాల మొహం దాచుకుని నిలబడ్డాడు.

లక్ష్మీకాంతమ్మకి తెలివొచ్చింది. పేరడిగితే చెప్పింది, చెయ్యెత్తమంటే ఎత్తింది. పక్కగదిలో మంచం మీద పడుకోబెట్టాక హేమచంద్రని చూసి, బొంగురు గొంతుతో అడిగింది.

"బాబూ, నా గోరింటాకు వల్ల మీకేమన్నా ఇబ్బందయిందా?"

లేదన్నట్టు తలూపి పక్కకి తప్పుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

గది చివర ఖాళీ మంచం దగ్గర మేడం నిలబడి ఉన్నారు. అక్కడికెళ్లి మెల్లిగా అన్నాడు, "గోరింటాకు ఉంటే రీడింగు తేడా రావచ్చని చదివాను మేడం..."

చెబుతుంటేనే తన మాట తనకే రోతగా వినిపించింది. అయినా అనేశాడు.

మేడం ఆ మంచం మానిటర్ ఆన్ చేసి, క్లిప్పు తీసి హేమచంద్ర వేలికి తగిలించారు. తొంభై తొమ్మిది.

"ఊపిరి బిగబట్టు."

బిగబట్టాడు. తొంభై తొమ్మిది. గుండె దడదడలాడింది. తొంభై తొమ్మిది. కణతలు అదిరాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, రొమ్ము పగిలిపోతుందేమో అనిపించింది. అంకె కేసి చూశాడు. కదల్లేదు. ఇంక వల్లకాక నోరు తెరిచి, మంచం పట్టుకుని రొప్పాడు.

అతను ఊపిరి పీల్చుకుంటూ ఉండగా, తాపీగా అప్పుడు దిగింది అంకె. తొంభై ఏడు. తొంభై అయిదు.

"చూశావా? అది చెప్పేదే ఆలస్యంగా," అన్నారు మేడం. "చెప్పాక కూడా నువ్వు నమ్మలేదు."

మేడం అతని వేలి నుంచి క్లిప్పు తీసేశారు.

"వల్లకానప్పుడు నువ్వు నోరు తెరిచావు. ఆవిడ తెరవకుండా మందిచ్చింది నువ్వే."