క్వారీ గుంతలో తీతువు కాపురం

కొండను తొలిచి రాయి పట్టుకుపోయినవాళ్లు పోయారు, గుంత మిగిలింది. వానలకు ఆ గుంత చెరువైంది. ఎవరో పుణ్యాత్ములు చుట్టూ మొక్కలు నాటి, కంచె కట్టి, ‘ఇక్కడ వేటాడరాదు’ అని బోర్డు కూడా పెట్టారు. బోర్డు మనుషులు చదువుతారు గానీ నక్కలు చదువుతాయా?

అక్కడికి కొత్తగా ఎవరొచ్చినా ముందు తాబేలు తాతతో ఒక చుట్టు తిరిగి రావాలి. క్వారీ నేల మాయదారి నేల మరి. అంతా చూపించాకే, “ఇక నచ్చినచోట కాపురం పెట్టుకో” అంటాడు తాత.

ఒక ఎండాకాలం పొద్దున ఇద్దరు చుట్టాలు ఒకేసారి దిగారు. ఒకటి తీతువు పిట్ట, మొగుణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. నేడో రేపో గుడ్లు పెట్టేలా ఉంది. రెండోది నక్క.

“రండి, చూసొద్దాం” అన్నాడు తాత.

“నీ నడకతోనా?” పగలబడి నవ్వింది నక్క. “తిరిగొచ్చేసరికి నేను ముసలైపోతాను. ఇలాంటి గుంతలు బోలెడు చూశాను. నాకు తెలీనిదేముంది ఇక్కడ?”

“నీ ఇష్టం నాయనా. కాళ్లు నీవి.”

తీతువు మాత్రం తాత వెనకే నడిచింది. పాములు ఎక్కడ తిరుగుతాయి, నీడ ఎప్పుడు ఎటు పడుతుంది, అన్నీ గుచ్చి గుచ్చి అడిగింది. పడమటివైపు బూడిదరంగు నేల దగ్గర తాత ఆగిపోయాడు.

“ఇది నేల కాదమ్మా. రాళ్లు కోసే మిషన్ల నుంచి వచ్చిన బురద. పైన ఎండి అట్టకట్టింది, కింద అంతా ఊబి. నీలాంటి తేలికదానికి పర్లేదు గానీ నాలుగు కాళ్లదాని బరువుకు ఆగదు. ఎవరూ ఇటు రారు.”

“అయితే దీని పక్కన కంకర మీదే పెడతాను తాతా, గుడ్లు.”

“ఇంత చోటుండగా ఈ పాడు మూలేంటే?”

“పోయినేడు దుక్కిలో పెట్టాను. ట్రాక్టరు తొక్కేసింది, ఒక్కటీ మిగల్లేదు. గొంతు పోయేదాకా ఏడ్చాను. ఈసారి నా గుడ్ల జోలికొచ్చేవాడు ముందు నాతో తేల్చుకోవాలి.”

అన్నట్టే పెట్టింది, నాలుగు గుడ్లు. ఏది కంకర రాయో ఏది గుడ్డో తల్లికి తప్ప తెలీదు. ఎండ మండిపోతుంటే మొగుడూ పెళ్లాం వంతులేసుకుని చెరువుకెళ్లి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరిచేవాళ్లు. ఆ రాకపోకల మీదే నక్క కన్ను పడింది. పిట్ట తడి పొట్టతో ఎటు పోతోందో గుడ్లు అటే ఉండాలి కదా!

ఒక మధ్యాహ్నం మొగుడు చెరువుకెళ్లడం చూసి, నక్క కంకర మీదికొచ్చి బూడిద నేలకు వీపు పెట్టి నిలబడింది.

“ఏం కోడలా, కులాసానా? గుడ్లెక్కడ?”

“గుడ్లేంటి మామా? గాలి కోసం వచ్చి కూర్చున్నా.”

“ఈ ఎండలోనా? నా దగ్గరా నీ వేషాలు?”

తీతువు గబగబా లెక్క వేసుకుంది. గుడ్లు తన వెనక రెండు గంతుల దూరంలో ఉన్నాయి. ఎగిరిపోతే నక్క వాసన పట్టి ఒక్కటి మిగల్చదు. రెక్క విరిగినట్టు కుంటుతూ శత్రువును గుడ్లకు దూరంగా లాక్కుపోవడం తీతువులకు పుట్టుకతో వచ్చిన విద్య. కానీ ఆ విద్య ఈ నక్కకు తెలీకుండా ఉంటుందా? ఏదైనా తెలుసంటుందాయె! అక్కడే తీతువుకు ఉపాయం తట్టింది.

దూరంగా కాదు, తిన్నగా గుడ్లవైపే కుంటడం మొదలెట్టింది. రెక్క నేల మీద ఈడ్చుకుంటూ, “అయ్యో నా రెక్క! చచ్చాను దేవుడో!” అని ఒకటే గోల. నక్క గనక వెంటపడితే నాలుగు గుడ్లూ పోయినట్టే. భయంతో కాళ్లు నిజంగానే తడబడ్డాయి. అయినా తీతువు ఆగలేదు.

నక్క విరగబడి నవ్వింది. “ఒసేయ్ పిచ్చిదానా! మీ అమ్మా మీ అమ్మమ్మా ఇదే నాటకం ఆడారు నా ముందు. నువ్వు ఇటు కుంటుతున్నావంటే గుడ్లు అటున్నట్టు. ఆమాత్రం తెలీదా నాకు?”

“అటు పోకు మామా! నీకు దణ్ణం పెడతా, అటు మాత్రం పోకు!”

ఇంకేం కావాలి నక్కకి? గిర్రున తిరిగి బూడిదరంగు నేల మీదికి ఒక్క దూకు దూకింది. పైన అట్ట పెటపెటలాడి పగిలింది. ముందు కాళ్లు దిగాయి, తర్వాత పొట్ట, చూస్తుండగానే మెడ దాకా మునిగింది.

“చస్తున్నానర్రా! ఎవరైనా రండి!”

తాబేలు తాత వచ్చేసరికి పొద్దు వాలింది.

“తాతా, నీ కాళ్లు పట్టుకుంటా, బయటపడే దారి చెప్పు!”

“తన్నుకోకు. పొట్ట పరిచి పడుకో. తొందరపడకుండా పాకు, నాలాగా.”

నక్క బుద్ధిగా తాబేలు నడకే నడిచింది. గట్టెక్కేసరికి ఒంటి మీద బురద ఎండి, తోక కర్రలా బిగుసుకుపోయింది. ఎదురుగా తీతువు రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి ఉంది.

“మామా, రేపూ రా. నేనిక్కడే ఉంటాను. ఎటు కుంటుతానో మాత్రం నువ్వే చూసుకోవాలి.”

నక్క ఒకసారి ఇటు చూసింది, ఒకసారి అటు చూసింది. ఏ వైపూ అడుగు వేయడానికి ధైర్యం చాలక, వచ్చిన దారినే కంచె కింద దూరి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు ఆ కంకరలో నాలుగు పిల్లలు పరుగులు పెట్టాయి.

అన్నీ తెలుసనుకునేవాణ్ని ముంచడానికి కొత్త అబద్ధం అక్కర్లేదు, వాడికి తెలిసిందే చాలు.