దస్తగిరి పడవలో రెండోవాడు

దస్తగిరి కుడిభుజం మళ్ళీ జారింది. కట్టు కట్టిన వైద్యుడు మొహం చిట్లించి, "ఇది ఇక చెప్పినమాట వినదు. ఎప్పుడు జారుతుందో నాకూ తెలీదు, దానికీ తెలీదు" అన్నాడు.

మామూలు మనిషికైతే అదంత పెద్ద గండం కాదు. కానీ దస్తగిరి లంకవాళ్ళ పందెం పడవకి చుక్కాని పట్టేవాడు. ఏటా ఉరుసునాడు కృష్ణ మీద పడవల పందెం జరుగుతుంది. గెలిచిన పడవే అవతలి ఒడ్డున ఉన్న దర్గాకి గంధం బిందె మోసుకెళ్ళాలి. ఆ మర్యాద లంకకి దక్కడం మొదలైంది దస్తగిరి చుక్కాని పట్టినప్పటి నుంచే. ఊళ్ళో ఆ మాట అనని వాళ్ళు లేరు. అందరికంటే ఎక్కువగా అనుకునేవాడు మాత్రం దస్తగిరే.

పందెం మధ్యలో భుజం జారితే? నడి ఏట్లో పడవ అడ్డం తిరిగితే? గంధం పక్కూరి పాలైతే? అతనికి అన్నం సయించడం మానేసింది. తనలాంటి రెండోవాడు కావాలి. తను కూలబడిన క్షణాన లేచి నిలబడగలిగేవాడు. వాణ్ణి ఎలా కనుక్కోవడం?

లంక చివర తాటాకు పాకలో మౌలాలీ సాహెబు ఉండేవాడు. వలలు అల్లుకుని బతికే ఫకీరు. దస్తగిరి మీసాలు రాని వయసు నుంచీ ఆయన శిష్యుడు. ఎవరేం అడిగినా సాహెబు ముందు వినేవాడు. చాలాసార్లు విని ఊరుకునేవాడు కూడా.

దస్తగిరి గోడంతా విని, "వెతికావా?" అన్నాడు సాహెబు.

"వెతికానండి. అందర్నీ ఒడ్డున నిలబెట్టి అరిపించి చూశాను."

అరిపించడానికి కారణం ఉంది. లంకపడవలో తెడ్లు వేసేవాళ్ళంతా ముందుకి తిరిగి కూర్చుంటారు. చుక్కాని పట్టేవాడు వాళ్ళ వెనక, పడవ చివర నిలబడతాడు. అతని మొహం ఎవరికీ కనపడదు. కేక వినపడుతుంది, అంతే. ఆ కేకని బట్టే తెడ్లు లేస్తాయి, పడతాయి. అదీ దస్తగిరి నమ్మకం.

"మన బాజీ ఉన్నాడండి. వాడు హైలెస్సా అన్నాడంటే అచ్చం నేనే. మొన్న వాడు రేవులోంచి కేకేస్తూ వస్తంటే, నేననుకుని మా ఇంటిది అన్నం వడ్డించేసింది."

"తిన్నాడా?"

"ఎవరండీ?"

"బాజీ."

"తిన్నాడండి" అన్నాడు దస్తగిరి, కాస్త చిన్నబుచ్చుకుని.

సాహెబు వల పక్కన పెట్టాడు. "రేపు పొద్దున్నే పడవ తియ్యండి. అవతలి ఒడ్డున నాకు చిన్న పనుంది. చుక్కాని బాజీకియ్యి. నువ్వు తెడ్లవాళ్ళ వెనక కూచో, ఊరికే."

మర్నాడు ఏరంతా మంచు. ఒడ్డు వదిలిన కాసేపటికే ఒడ్డు లేకుండా పోయింది. కోడికూతలు మాత్రం ఎక్కడో పైనుంచి వచ్చాయి, ఊరు లేచి ఆకాశంలోకి ఎక్కి కూర్చున్నట్టు. పడవ కదులుతోందో, పడవ నిలబడి మంచే కదులుతోందో తెలీలేదు. తను ఇంకా నిద్ర లేవలేదేమో అనుకున్నాడు దస్తగిరి.

వెనక నుంచి బాజీ "హైలెస్సా!" అన్నాడు. తన గొంతు తన వీపు వెనక వినపడేసరికి దస్తగిరికి ఒళ్ళు జలదరించింది. పోయినవాడు వచ్చి తన ఇంటిని కిటికీలోంచి చూసుకుంటే ఇలాగే ఉంటుందేమో.

నడి ఏట్లోకి వచ్చారు. అక్కడ నీళ్ళ కింద ఇసుకతిప్ప ఉంది. వరదొచ్చినప్పుడల్లా చోటు మారుస్తుంది. బాజీకి ఆ సంగతి చెబుదామని దస్తగిరి వెనక్కి తిరిగాడు. అప్పటికే చుక్కాని పక్కన చతికిలబడిన సాహెబు లేచాడు. బాజీ కేకకి నోరు తెరవగానే అందులో ఒక ఖర్జూరం పెట్టాడు.

"నెమ్మదిగా తిను నాయనా. గింజ మింగేవు" అన్నాడు.

కేక ఆగిపోయింది. దస్తగిరి తనే కేకేద్దామని లేవబోయాడు. సాహెబు అతన్ని చూసి, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు.

తెడ్లు ఆగలేదు. ఒక్కటంటే ఒక్కటి తడబడలేదు.

దస్తగిరి వాళ్ళని మొదటిసారి చూశాడు. ఇన్నేళ్ళూ నిలబడి, వాళ్ళ తలల మీదుగా దూరాన ఉన్న ఒడ్డుని చూసేవాడు. కూర్చుంటే వీపులు కనపడ్డాయి, మెడలు కనపడ్డాయి. అందరి మెడలూ ఒక పిసరు ఒకవైపుకే తిరిగి ఉన్నాయి. ముందుబల్ల మీద, ఎడమచేతి వైపు కూర్చున్న పేరయ్య వైపు. కేకకి బదులు పలకడని దస్తగిరి ఏటా చీవాట్లు పెట్టే పేరయ్య.

నీళ్ళ చప్పుడు కొంచెం మారింది. పేరయ్య తల వంచి విన్నాడు. అతని తెడ్డు లోతుగా దిగింది. వెంటనే ఎడమవైపు తెడ్లన్నీ లోతుగా దిగాయి, కుడివైపువి తేలికపడ్డాయి. పడవ కుడికి తిరిగి, తిప్పని రాసుకుంటూ జారిపోయింది. అడుగున ఇసుక గరగరమని ఊరుకుంది.

దస్తగిరి తన ముందు తెడ్డేస్తున్న సత్తిరాజు వీపు తట్టాడు. "ఒరే, పేరయ్యని చూసి తెడ్డెయ్యడం ఎప్పట్నించిరా?"

"ఎప్పట్నించేంటి? ఎప్పుడూ అంతే గదా" అన్నాడు సత్తిరాజు, వెనక్కి తిరక్కుండానే.

"మరి నా కేక?"

"నీ కేక బాగుంటది దస్తగిరన్నా. హుషారొస్తది."

సత్తిరాజు ప్రేమగానే అన్నాడు. అందుకే అంత గట్టిగా తగిలింది. దస్తగిరికి సిగ్గేసింది, కళ్ళు మండాయి. ఉరుసుల్లో తన మెడలో పడ్డ దండలు గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటైనా ముందుబల్ల దాకా వెళ్ళలేదు. మంచులోకి చూస్తూ చూస్తూ ఉండగా, భుజం గురించిన భయం తనలో లేదని తెలిసింది. అది ఎప్పుడు దిగిపోయిందో అతను గమనించలేదు.

పడవ ఒడ్డు తగిలింది. అందరూ దిగి ఒళ్ళు విరుచుకున్నారు. పేరయ్య కాస్త దూరంగా కూర్చుని చుట్ట ముట్టించాడు. సాహెబు ఏ పనికీ వెళ్ళలేదు. ఏటి వైపు తిరిగి ఊరికే నిలబడ్డాడు.

దస్తగిరి దగ్గరికెళ్ళి మెల్లిగా అడిగాడు. "చుక్కాని పేరయ్యకి ఇమ్మంటారా?"

"వెనక నిలబెడితే వాడెవరికి కనపడతాడు?"

దస్తగిరి ఖాళీగా ఉన్న ముందుబల్ల వైపు చూశాడు.

"అయితే నీ రెండోవాడు దొరికాడా?" అన్నాడు సాహెబు.

"దొరికాడండి."

"ఎవరు?"

"నేనేనండి" అన్నాడు దస్తగిరి, పేరయ్య వైపు చూస్తూ.

సాహెబు అతని మంచి భుజం మీద చెయ్యి వేశాడు. "సరే. వెళ్ళేటప్పుడు కేక నువ్వే వెయ్యి. వాళ్ళకి హుషారు కావాలి."